ఫియోలో డిస్క్ ట్రేస్ రీప్లే తేడాగా నడుస్తుంటే ఎక్కడ్నుంచి వెతకాలి

ఫియో అనే డిస్క్ టెస్టింగ్ టూల్‌తో రీప్లే చేసేవాళ్ళు, అంటే ఒక మెషీన్లో డిస్క్‌కి వెళ్ళిన రిక్వెస్ట్‌ల రికార్డ్‌ని (ట్రేస్‌ని) ఇంకో డిస్క్ మీద మళ్ళీ నడిపేవాళ్ళు, చాలామంది సూటిగా చివర్లో వచ్చే లేటెన్సీ అంకెల దగ్గరికే వెళ్ళిపోతారు, ప్రొడక్షన్ ట్రేస్‌ని కొత్త డిస్క్ మీద నడిపాం, ఇంత వచ్చింది అని షీట్‌లో ఎక్కించేస్తారు. అసలా రీప్లే ఆ ట్రేస్‌నే నడిపిందా లేదా అన్నది ఎవరూ అడగరు. ఎర్రర్ లేకుండా పూర్తయిందంటే సరిగ్గా నడిచినట్టే అనుకోవద్దు, ఎందుకంటే ఇందులో పెద్ద తప్పులు చాలావరకు ఎర్రరే ఇవ్వవు, చక్కగా రన్ అయిపోయి చక్కటి అంకెలు చూపిస్తాయి. అందుకే నేను ఎప్పుడూ ఒకే వరసలో వెళ్తాను: రిక్వెస్ట్‌లు ఎన్ని వెళ్ళాయి, ఎక్కడికి వెళ్ళాయి, ఎప్పుడు వెళ్ళాయి. ఈ మూడూ తేలితేనే ఒక్కోదానికి ఎంతసేపు పట్టింది అన్న అంకెకి విలువ.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం రెండు మాటలు. ఫియో, బీఎల్‌కేట్రేస్ రెండూ లైనక్స్ బ్లాక్ లేయర్ (కెర్నెల్లో డిస్క్ రిక్వెస్ట్‌లని నడిపే భాగం) చూసే యెన్స్ ఆక్స్‌బో రాసినవే. బీఎల్‌కేట్రేస్‌కి కెర్నెల్ సపోర్ట్ 2006లో 2.6.17తో వచ్చింది. డిస్క్‌కి వెళ్ళే ప్రతి రిక్వెస్ట్ ఎప్పుడొచ్చింది, రీడా రైటా, ఏ సెక్టార్, ఎంత సైజు అని అది రాసుకుంటది, లోపలున్న డేటా మాత్రం రాసుకోదు. ఆ రికార్డ్‌ని ఫియోకి రీడ్ ఐఓలాగ్ అనే ఆప్షన్‌తో ఇస్తే అదే వరసలో, మధ్యలో అంతే గ్యాప్ ఇస్తూ ఇంకో డిస్క్ మీద మళ్ళీ కొడుతుంది. ఆప్షన్ పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నా, జాబ్ ఫైల్లో, అంటే ఫియోకి ఇచ్చే సెట్టింగుల ఫైల్లో, టైప్ చేసేటప్పుడు మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టుకోండి.

ముందు డిస్క్ పోకుండా చూస్కోండి

రీప్లే అంటే ఉత్తుత్తి నడక కాదు, ట్రేస్‌లో రైట్ ఉంటే టార్గెట్ డిస్క్ మీద అదే చోట ఫియో తన బఫర్‌లో ఉన్నది రాసేస్తది, అక్కడ ఫైల్‌సిస్టం ఉందా ఎవరి డేటా అయినా ఉందా అని చూసే బాధ్యత మీదే. దీనికంటే భయపడాల్సింది ఇంకోటుంది. మీరు ఏ డిస్కో చెప్పకపోతే ఫియో ట్రేస్‌లో రికార్డైన మేజర్, మైనర్ నంబర్లు (డివైస్‌కి కెర్నెల్ ఇచ్చే గుర్తింపు నంబర్లు) చూసి, ఈ మెషీన్లో ఆ నంబర్ ఎవరిదైతే వాళ్ళ మీదకి వెళ్ళిపోతది. రికార్డ్ చేసిన సర్వర్లో 8,0 అనేది డేటా డిస్క్ అయ్యుండొచ్చు, మీ మెషీన్లో అదే 8,0 అంటే ఎస్‌డీఏ, దాని మీద మీ ఓఎస్ కూర్చుని ఉండొచ్చు. కాబట్టి రీప్లే రీడైరెక్ట్ ఆప్షన్ పెట్టకుండా ఒక్క రన్ కూడా చెయ్యొద్దు, అందులో కూడా ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లు రీబూట్‌కి మారిపోతాయి కాబట్టి డెవ్ కింద డిస్క్ ఫోల్డర్లో బై-ఐడీ పేరు వాడండి.

ఇంకా మంచి దారేంటంటే మొదటి రన్ అసలు డిస్క్ మీద చెయ్యకపోవడమే. కెర్నెల్లో నల్ బీఎల్‌కే అని ఒక మాడ్యూల్ ఉంది, మోడ్‌ప్రోబ్‌తో లోడ్ చేస్తే నల్‌బీ0 అని ఒక ఉత్త డివైస్ వస్తది, డీఫాల్ట్‌గా 250 జీబీ సైజు చూపిస్తది, రాసింది ఏదీ ఎక్కడికీ పోదు, వెంటనే అయిపోయింది అని చెప్పేస్తది. డీబగ్గింగ్‌లో దీనంత పనికొచ్చేది ఇంకోటి లేదు, కింద మూడు నాలుగు చోట్ల మళ్ళీ దీని దగ్గరికే వస్తాం. అసలు డిస్క్ మీదకి వెళ్ళేటప్పుడు కూడా మొదట ఫియోకి రీడ్‌ఓన్లీ ఫ్లాగ్ ఇచ్చి నడపండి, అప్పుడు ట్రేస్‌లో రైట్లు ఉంటే రీడ్‌ఓన్లీ వల్ల ఇన్ని రైట్లు వదిలేశాను అని మెసేజ్ కూడా వస్తది, ఆ అంకె పక్కన రాసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

ఎన్ని వెళ్ళాయి

అందరూ పడే గొయ్యి ఇక్కడే ఉంది. బీఎల్‌కేట్రేస్ రికార్డ్ చేసేటప్పుడు ఒక్కో సీపీయూకి ఒక్కో ఫైల్ చేస్తది, చివర్లో సున్నా, ఒకటి, రెండు అని నంబర్లతో. ఫియోకి ఇవ్వాల్సింది ఇవి కాదు. బీఎల్‌కేట్రేస్‌తో పాటు వచ్చే బీఎల్‌కేపార్స్ టూల్‌ని నడిపి, చిన్న ఐ తో ట్రేస్ పేరు, చిన్న ఓ తో డెవ్ నల్, చిన్న డి తో కొత్త బైనరీ ఫైల్ పేరు ఇస్తే అది అన్ని సీపీయూల ఫైళ్ళనీ టైం ప్రకారం కలిపి ఒక్క ఫైల్ చేస్తది, ఫియోకి ఆ ఫైల్ ఇవ్వాలి. ఇక్కడ మోసం ఏంటంటే, కలపకుండా సున్నా నంబర్ ఫైల్‌ని తీస్కెళ్ళి నేరుగా ఫియోకి ఇచ్చినా అది తీసుకుంటది, ఎందుకంటే లోపల రికార్డుల ఫార్మాట్ రెండింటిలోనూ అదే, ముందుండే మ్యాజిక్ నంబర్ (ఫార్మాట్‌ని గుర్తుపట్టే బైట్లు) అదే. రన్ అవుద్ది, పూర్తవుద్ది, రిజల్ట్ వస్తది, కానీ వెళ్ళింది ఒక్క సీపీయూ నుంచి వచ్చిన రిక్వెస్ట్‌లు మాత్రమే. 32 కోర్ల సర్వర్ ట్రేస్ అయితే మీరు కొలిచింది అసలు లోడ్‌లో ఓ చిన్న ముక్క, డిస్క్ అద్భుతంగా ఉంది అనిపిస్తది, ఎందుకుండదు మరి.

దీనికి రివర్స్‌లో ఇంకో గందరగోళం. కొంతమంది బీఎల్‌కేపార్స్ ఇచ్చే టెక్స్ట్ అవుట్‌పుట్‌ని, అంటే మనం చదువుకునే వరసల్ని, ఫైల్లో పెట్టి ఫియోకి ఇస్తారు. అప్పుడు ఐఓలాగ్ వెర్షన్ 1ని ఇక సపోర్ట్ చెయ్యట్లేదు అనే అర్థంలో ఎర్రర్ వస్తది. ఆ మెసేజ్ చూసి ఫియో వెర్షన్ మార్చడం, పాత ప్యాకేజీ వెతకడం మొదలుపెడతారు. వెర్షన్‌తో ఏం సంబంధం లేదు, ఫైల్ మొదట్లో మ్యాజిక్ నంబర్ కనపళ్ళేదు, ఫియో వెర్షన్ 2 లేదా 3 అనే హెడర్ వరస కూడా కనపళ్ళేదు, కాబట్టి పాత ఫార్మాట్ అనుకుంది, అంతే. అనుమానం ఉంటే హెక్స్‌డంప్‌తో మొదటి నాలుగు బైట్లు చూడండి, ఇంటెల్, ఏఎండీ మెషీన్ల మీద తీసిన ట్రేస్ అయితే 07 74 61 65 అని ఉండాలి, ఆ 07 బీఎల్‌కేట్రేస్ ఫార్మాట్ వెర్షన్, మిగతా మూడూ మ్యాజిక్.

ఇక లెక్క సరిచూడ్డం. ఫియో రీప్లే చేసేది ట్రేస్‌లో క్యూ అనే యాక్షన్ ఉన్న వరసల్ని, అంటే రిక్వెస్ట్ బ్లాక్ లేయర్‌లోకి అడుగుపెట్టిన క్షణాన్ని. ఒకే రిక్వెస్ట్‌కి తర్వాత జీ, ఐ, డీ, సీ అని ఇంకా వరసలు పడతాయి, అవి రీప్లేకి లెక్కలోకి రావు. కాబట్టి బీఎల్‌కేపార్స్ టెక్స్ట్‌లో క్యూ వరసలు మాత్రమే ఏరి రీడ్లు ఎన్ని, రైట్లు ఎన్ని, డిస్కార్డ్‌లు (ఈ చోటు ఇక అక్కర్లేదు అని డిస్క్‌కి చెప్పే రిక్వెస్ట్‌లు, ఫియో వీటినే ట్రిమ్ అంటది) ఎన్ని అని లెక్కపెట్టండి. ఫియో అవుట్‌పుట్ చివర్లో ఇష్యూడ్ ఆర్‌డబ్ల్యూటీఎస్ అని ఒక వరస ఉంటది, అందులో టోటల్ పక్కన నాలుగు అంకెలు, వరసగా రీడ్, రైట్, ట్రిమ్, సింక్. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండు నిమిషాల పని, కానీ దీంతోనే సగం సమస్యలు దొరికిపోతాయి.

రీప్లే లెక్క ట్రేస్‌కి సరిగ్గా రెండింతలు, నాలుగింతలు ఉంటే జాబ్ ఫైల్లో నమ్‌జాబ్స్ చూడండి, అది నాలుగు పెడితే అదే ట్రేస్‌ని నలుగురూ ఒకేసారి నడుపుతారు, పంచుకోరు. ట్రేస్‌లోనే లెక్క రెండింతలు ఉందంటే మాత్రం రికార్డింగ్ దగ్గర తేడా: ఎల్‌వీఎం (డిస్క్‌ల మీద వర్చువల్ వాల్యూంలు కట్టే లైనక్స్ పొర) మీద తీసేటప్పుడు పైన ఉండే డీఎం అనే వర్చువల్ డివైస్‌నీ, కింద ఉన్న అసలు డిస్క్‌నీ రెండిట్నీ ట్రేస్ చేశారన్నమాట. ఒకే రైట్ పైన ఒకసారి క్యూ అవుద్ది, రీమ్యాప్ అయ్యి కింద ఇంకోసారి క్యూ అవుద్ది, మీరు రీడైరెక్ట్ పెట్టారు కాబట్టి ఫియో రెండిట్నీ తెచ్చి ఒకే డిస్క్ మీద కొడుతుంది, పైగా రెండు వేర్వేరు ఆఫ్‌సెట్‌ల దగ్గర. ఏ లెవెల్ కావాలో ముందే తేల్చుకుని ఒక్కదాన్నే ట్రేస్ చెయ్యండి.

ట్రేస్ తీసేటప్పుడే కొన్ని ఈవెంట్లు జారిపోయుంటే అదింకో కథ. బీఎల్‌కేట్రేస్ ఆగేటప్పుడు ఇన్ని డ్రాప్డ్ ఈవెంట్స్ అని చెప్తది, ఆ వరస వస్తే ఆ ట్రేస్‌ని పక్కన పెట్టి మళ్ళీ తియ్యండి, అతుకులు వెయ్యొద్దు. చిన్న బి తో బఫర్ సైజ్ పెంచొచ్చు, డీఫాల్ట్ 512 కేబీ, చిన్న ఎన్ తో బఫర్ల సంఖ్య పెంచొచ్చు, డీఫాల్ట్ 4. ట్రేస్ ఫైళ్ళు రాసేది మాత్రం ట్రేస్ అవుతున్న డిస్క్ మీద కాకూడదు, మీ రికార్డింగ్ రైట్లే మళ్ళీ రికార్డ్ అవుతూ పోతాయి, మెమరీలోనే ఉండే టెంప్‌ఎఫ్ఎస్ గానీ వేరే డిస్క్ గానీ వాడండి.

ఎక్కడికి వెళ్ళాయి

లెక్క కలిసింది, కానీ మధ్యలో ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ అని ఆగిపోతోంది. ఇది చాలామందికి తగిలే ఎర్రర్, మెసేజ్‌లో ఐఓ యూ ఎర్రర్ ఆన్ ఫైల్ అని మొదలై చివర్లో ఆఫ్‌సెట్, బఫ్‌లెన్ అని రెండు అంకెలుంటాయి. ఆ రెండు అంకెల్నీ 4096తో భాగించి చూడండి, సగం జవాబు అక్కడే ఉంటది.

ఒక ఉదాహరణ దగ్గర్నుంచి చూద్దాం. బీఎల్‌కేట్రేస్ సెక్టార్ అంటే ఎప్పుడూ 512 బైట్లే, డిస్క్ లోపల ఏ సైజు ఉన్నా సరే. ట్రేస్‌లో ఒక వరస రైట్, సెక్టార్ 2097218, ప్లస్ 8 అని ఉందనుకోండి. ప్లస్ 8 అంటే 8 సెక్టార్లు, 4096 బైట్లు, బానే ఉంది. కానీ 2097218ని 512తో గుణిస్తే 1073775616, దాన్ని 4096తో భాగిస్తే 262152.25 వస్తది, అంటే నాలుగు కేబీ గీత మీద లేదు, 1024 బైట్లు పక్కకి జరిగి ఉంది. 512 సెక్టార్ డిస్క్ దీన్ని హాయిగా తీసుకుంటది, అందుకే పాత సర్వర్లో ఏ ఇబ్బందీ రాలేదు. లాజికల్ సెక్టారే 4096 ఉన్న డిస్క్ మీద డైరెక్ట్ ఐఓతో, అంటే పేజ్ క్యాష్ (ర్యామ్‌లో డిస్క్ డేటా దాచుకునే చోటు) దాటేసి నేరుగా కొడితే కెర్నెల్ ఒప్పుకోదు. గుణకారం చెయ్యక్కర్లేకుండా చూడాలంటే సెక్టార్ నంబర్ 8తో సమంగా పోతుందా లేదా చూస్తే చాలు.

ఒకటీ అరా కాదు, ట్రేస్‌లో దాదాపు ప్రతి వరసా ఇలాగే పక్కకి జరిగుంటే ఆ పాత మెషీన్లో పార్టిషన్ ఎక్కడ మొదలైందో కనుక్కోండి. ఒకప్పటి పార్టిషన్ టూల్స్ మొదటి పార్టిషన్‌ని 63వ సెక్టార్ దగ్గర మొదలుపెట్టేవి, 63 ఎనిమిదితో పోదు, కాబట్టి ఫైల్‌సిస్టం ఎంత క్రమంగా రాసినా డిస్క్ లెవెల్లో అన్నీ వంకరే.

దీనికి మందు రీప్లే అలైన్ ఆప్షన్, 4096 ఇస్తే ప్రతి ఆఫ్‌సెట్‌నీ కింది గీతకి దింపేస్తది, పై ఉదాహరణలో 1073774592 అవుద్ది. గమనించాల్సింది, అది సర్దేది ఆఫ్‌సెట్‌ని మాత్రమే, లెంత్‌ని ముట్టుకోదు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాగ్ లాంటివి 512 గుణిజాల్లో రాస్తాయి కదా, అలాంటి చిన్న రైట్లు ట్రేస్‌లో ఉంటే అలైన్ పెట్టినా ఆ వరస దగ్గర మళ్ళీ అదే ఎర్రర్. అప్పుడు టెక్స్ట్ ఐఓలాగ్‌గా మార్చుకుని లెంత్‌లని పైకి రౌండ్ చెయ్యడం తప్ప దారి లేదు. ఇదంతా ట్రై చెయ్యడానికి ఆ టైప్ డిస్క్ చేతిలో ఉండాల్సిన పని లేదు, నల్ బీఎల్‌కే మాడ్యూల్‌ని బీఎస్ 4096 అని లోడ్ చేస్తే అచ్చం అలాంటి డివైసే వస్తది, ఎర్రర్ అక్కడే మళ్ళీ తెప్పించుకుని అక్కడే సరిచేసుకోవచ్చు.

టార్గెట్ డిస్క్ చిన్నదైతే వేరే లక్షణాలు కనపడతాయి. డిస్క్ చివర దాటి రైట్ వెళ్తే నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్ అంటది, రా డిస్క్ మీద స్పేస్ లేకపోవడం ఏంటి అని తల పట్టుకోకండి, అర్థం అదే. రీడ్ వెళ్తే సున్నా బైట్లు తిరిగొస్తాయి. రీప్లే స్కేల్ అని ఉంది, 2 ఇస్తే ఆఫ్‌సెట్‌లన్నీ సగం అవుతాయి, 4 ఇస్తే పావు. కాకపోతే నాలుగు కేబీ గీత మీదున్న ఆఫ్‌సెట్ సగమైతే రెండు కేబీ దగ్గర పడొచ్చు, కాబట్టి స్కేల్ పెట్టినప్పుడల్లా అలైన్ కూడా పెట్టాల్సిందే. ఇంకోటి, స్కేల్ చేస్తే దూరదూరంగా ఉన్న రిక్వెస్ట్‌లు దగ్గరికొస్తాయి, హార్డ్ డిస్క్ అయితే సీక్ దూరాలు (హెడ్ కదిలే దూరాలు) మారిపోతాయి, కొన్ని ఒకదాని మీద ఒకటి పడతాయి. వీలైతే పెద్ద డిస్క్ తెచ్చుకోండి, అదే నిజాయితీగా ఉండే పని.

ఎర్రర్లు ఆగాక నిజంగా అదే చోటికి వెళ్ళాయని ఎలా తెలుస్తది? రైట్ ఐఓలాగ్ ఆప్షన్‌తో ఫియో ఏం చేసిందో రాయించుకుందాం అనిపిస్తది గానీ, రీడ్ ఐఓలాగ్‌తో కలిపి పెడితే ఫియో దాన్ని పక్కన పెట్టేస్తది. కాబట్టి రీప్లే నడుస్తుండగా టార్గెట్ మీద మళ్ళీ బీఎల్‌కేట్రేస్ పెట్టండి. రెండు ట్రేస్‌లనీ బీఎల్‌కేపార్స్‌కి ఇచ్చి, క్యూ యాక్షన్లు మాత్రమే అని ఫిల్టర్ పెట్టి, ఫార్మాట్ ఆప్షన్‌లో రీడ్-రైట్ గుర్తు, సెక్టార్, సెక్టార్ల సంఖ్య మూడే కాలమ్స్ రాయించి, సార్ట్ చేసి డిఫ్ కొట్టండి. సార్ట్ ఎందుకంటే ఒకేసారి చాలా రిక్వెస్ట్‌లు గాల్లో ఉంటే పక్కపక్క వరసలు కాస్త ముందువెనకలు కావచ్చు. గుర్తు కాలమ్‌లో మొదటి అక్షరం మాత్రమే పోల్చండి, అసలు ట్రేస్‌లో పేజ్ క్యాష్ నుంచి తీరిగ్గా వచ్చిన రైట్ ఉత్త డబ్ల్యూగా ఉంటది, ఫియో డైరెక్ట్‌గా రాసేటప్పుడు దాని పక్కన సింక్ గుర్తుగా ఎస్ చేరుతది, అది తేడా కాదు. పెద్ద సైజు రిక్వెస్ట్‌లు దారిలో ముక్కలై రెండు క్యూ వరసలుగా కనపడొచ్చు, అందుకని వరసల లెక్క తేడా వస్తే కంగారు పడకుండా మొత్తం బైట్లు కూడి చూడండి.

ఎప్పుడు వెళ్ళాయి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైంది, అందరూ వదిలేసేది ఇదే. ట్రేస్ 120 సెకన్లది అనుకోండి, ఫియో అవుట్‌పుట్‌లో రన్ అనే చోట 310 సెకన్లు చూపిస్తోంది. అంటే రిక్వెస్ట్‌లు వెళ్ళాల్సిన టైంకి వెళ్ళలేదు, వెనకబడ్డాయి. ఫియో ఆలస్యమైందని ఏ రిక్వెస్ట్‌నీ పారెయ్యదు, రీప్లే సాగుతూ పోతది. ఇప్పుడు లేటెన్సీ అంకె చూస్తే చాలా బాగుంటది, ఎందుకంటే ఫియో కొలిచేది తను రిక్వెస్ట్ పంపిన క్షణం నుంచి, ట్రేస్ ప్రకారం పంపాల్సిన క్షణం నుంచి కాదు. అసలు సిస్టంలో ఆ రిక్వెస్ట్ వచ్చి క్యూలో నిలబడి ఉండేది, ఆ నిలబడ్డ టైం మీ రిపోర్ట్‌లో ఎక్కడా లేదు. నెమ్మదైన డిస్క్‌కి మంచి మార్కులు పడేది ఇలాగే. అందుకే ట్రేస్ పొడవు, రీప్లే పొడవు పక్కపక్కన లేకుండా లేటెన్సీ ఎవరు చూపించినా నేను ముందు ఆ రెండూ అడుగుతాను.

ఎందుకు సాగిందో వెతకాలంటే ఐఓ డెప్త్స్ (ఒకేసారి ఎన్ని రిక్వెస్ట్‌లు గాల్లో ఉన్నాయో చూపేది) అనే వరస దగ్గరికి వెళ్ళండి. అక్కడ 1 ఈజ్ ఈక్వల్ టు 100 శాతం అని ఉందా, దొరికినట్టే. లైనక్స్‌లో మీరు ఐఓఇంజిన్ (రిక్వెస్ట్‌లు పంపే పద్ధతి) ఏదో చెప్పకపోతే ఫియో పీసింక్ వాడతది, అది ఒకటి పంపి అది పూర్తయ్యేదాకా కూర్చుంటది, ఐఓడెప్త్ 64 పెట్టినా 256 పెట్టినా దానికి పట్టదు. లిబ్‌ఏఐఓ గానీ ఐఓ యూరింగ్ గానీ పెట్టండి. లిబ్‌ఏఐఓ పెడితే డైరెక్ట్ 1 కూడా పెట్టాలి, లేకపోతే పేజ్ క్యాష్ గుండా పోయి సబ్‌మిట్ దగ్గరే ఆగిపోతది, అప్పుడు స్లాట్ అనే సబ్‌మిషన్ లేటెన్సీ పెద్దగా, క్లాట్ అనే కంప్లీషన్ లేటెన్సీ వింతగా చిన్నగా కనపడతాయి. అసలు ఈ ట్రేస్‌ని రికార్డ్ చేసిందే పేజ్ క్యాష్‌కి కింద, అంటే క్యాష్ తీర్చలేక డిస్క్ దాకా వచ్చినవే ఇందులో ఉన్నాయి, వాటిని తీసుకెళ్ళి ఇంకో క్యాష్‌కి పై నుంచి పోస్తే కొలిచేది మీ ర్యామ్‌ని. ఫియో కొన్ని సందర్భాల్లో డైరెక్ట్‌ని తనే ఆన్ చేసుకుంటది, కానీ దాని ఊహకి వదలకుండా మీరే రాసెయ్యండి.

ఐఓడెప్త్ కూడా అంతే. మీరు చెప్పకపోతే ట్రేస్ చూసి ఒక అంచనా వేసుకుంటది, దానికి కంప్లీషన్ వరసలు కావాలి. ఫైల్ చిన్నగా ఉండాలని ట్రేస్ తీసేటప్పుడు క్యూ ఈవెంట్లు మాత్రమే అని ఫిల్టర్ పెట్టారా, లేక డీఎం లాంటి స్టాక్డ్ డివైస్ మీద తీశారా, ఆ అంచనా నమ్మదగ్గది కాదు. అసలు సిస్టంలో గరిష్ఠంగా ఎన్ని రిక్వెస్ట్‌లు ఒకేసారి గాల్లో ఉన్నాయో చూసి అంతకంటే కొంచెం పైన పెట్టండి.

ఇంజిన్, డైరెక్ట్, డెప్త్ అన్నీ సరే, ఇంకా సాగుతోందంటే తప్పు డిస్క్‌దా ఫియోదా అని విడదియ్యాలి. అదే జాబ్‌ని నల్‌బీ0 మీదకి రీడైరెక్ట్ చెయ్యండి. అక్కడ 120 సెకన్లలో పూర్తయితే మీ డిస్క్ నిజంగానే ఆ లోడ్ మొయ్యలేకపోతోంది, అది బగ్ కాదు, అదే మీకు కావాల్సిన రిజల్ట్. నల్‌బీ0 మీద కూడా సాగితే ఒక్క జాబ్ ఒక్క సీపీయూ మీద ఆ రేటుకి రిక్వెస్ట్‌లు పంపలేకపోతోందన్నమాట, టాప్‌లో ఆ థ్రెడ్ నూరు శాతం దగ్గర కూర్చుందేమో చూడండి. కొంచెం లేటెన్సీ ఉన్న డివైస్ కావాలంటే నల్ బీఎల్‌కేలోనే ఐఆర్‌క్యూమోడ్ 2 పెట్టి కంప్లీషన్ ఎన్‌సెక్ ఆప్షన్‌లో నానోసెకన్లు ఇవ్వొచ్చు, అప్పుడు ప్రతి రిక్వెస్ట్‌కీ మీరు చెప్పినంత టైం తీసుకుంటది, ఫియో చూపించే అంకె దానికి దగ్గరగా వస్తోందో లేదో చూడ్డానికి ఇది బ్రహ్మాండంగా ఉంటది.

రీప్లే మరీ తొందరగా, 120 సెకన్లది 9 సెకన్లలో అయిపోయిందా? రీప్లే నో స్టాల్ ఆన్ ఉండి ఉంటది. అది పెడితే వరస అదే ఉంటది గానీ టైమింగ్ అంతా వదిలేసి ఎంత వేగంగా కుదిరితే అంత వేగంగా కొడతది, డిస్క్ గరిష్ఠ సామర్థ్యం చూడాలంటే సరే, లేటెన్సీ పోల్చడానికి పనికిరాదు. రీప్లే టైం స్కేల్ వేరు, అది శాతం, 50 అంటే సగం రేటు, 200 అంటే రెండింతల రేటు. పేరు చూసి 200 అంటే రెండింతల టైం అనుకునేవాళ్ళున్నారు, ఉల్టా.

చేత్తో గానీ స్క్రిప్ట్‌తో గానీ వెర్షన్ 2 టెక్స్ట్ ఐఓలాగ్ తయారుచేసుకునేవాళ్ళు వెయిట్ వరసల దగ్గర జాగ్రత్త. వెయిట్ మైక్రోసెకన్లలో ఉంటది, కిందటి వెయిట్ నుంచి లెక్క, 100 కంటే తక్కువున్న దాన్ని ఫియో పారేస్తది. ఒక్కో రిక్వెస్ట్‌కి మధ్య 30 మైక్రోసెకన్ల గ్యాప్ ఉన్న ట్రేస్‌ని వరసకో వెయిట్ పెట్టి మార్చారనుకోండి, ఒక్క వెయిట్ కూడా మిగలదు, మొత్తం ఒకే ఊపులో వెళ్ళిపోతది. గ్యాపులు కూడుకుంటూ 100 దాటినప్పుడు ఒక వెయిట్ రాయండి, లేదా ఫియో 3.31 నుంచి వచ్చిన వెర్షన్ 3 ఫార్మాట్ వాడండి, అందులో ప్రతి వరసకీ టైంస్టాంప్ ఉంటది, వెయిట్ అనేదే లేదు. ఏదైనా సరే, పదుల మైక్రోసెకన్ల దగ్గర కచ్చితత్వం ఆశించొద్దు, లైనక్స్‌లో మామూలు థ్రెడ్‌కి టైమర్ స్లాకే (నిద్ర లేపడంలో కెర్నెల్ తీసుకునే వెసులుబాటు) 50 మైక్రోసెకన్లు ఉంటది.

మూడూ కలిశాక కూడా అంకె వింతగా ఉంటే

అప్పుడు రీప్లే స్కిప్‌తో ముక్కలు చేస్కోండి. ట్రిమ్ తీసేసి ఒకసారి, రైట్ కూడా తీసేసి ఒకసారి. పెద్ద డిస్కార్డ్‌లు ఉన్న ట్రేస్‌లో అవి పక్కనున్న రీడ్లని ఆపేస్తుంటాయి, తీసేయగానే లేటెన్సీ గ్రాఫ్ చదునైపోతే దోషి దొరికినట్టే. రీడ్లు మాత్రమే ఉన్నప్పుడు నమ్మశక్యం కానంత వేగం వస్తుంటే డిస్క్ ఖాళీదేమో చూడండి, కొత్త ఎస్‌ఎస్‌డీ, లేదా అంతకుముందే మొత్తం ట్రిమ్ చేసిన ఎస్‌ఎస్‌డీ, ఎప్పుడూ రాయని చోటు చదవమంటే చాలావరకు ఫ్లాష్ దాకా వెళ్ళకుండానే సున్నాలు ఇచ్చేస్తది. రీప్లేకి ముందు డిస్క్ మొత్తం ఒకసారి నింపాలి. డేటా ట్రేస్‌లో లేదని మొదట్లో అన్నాను కదా, టార్గెట్ స్టోరేజ్ కంప్రెషనో డీడూపో (ఒకేలా ఉన్న డేటాని ఒక్కసారే దాచడం) చేసేదైతే ఫియో రాసే బఫర్ల స్వభావం రిజల్ట్‌ని మార్చేస్తది, రీఫిల్ బఫర్స్, బఫర్ కంప్రెస్ పర్సెంటేజ్ ఆప్షన్లతో అసలు డేటాకి దగ్గరగా తెచ్చుకోవాలి.

మొదట్లోనే, ఒక్క రిక్వెస్ట్ కూడా వెళ్ళకుండా ఫియో నిలబడిపోయి మెమరీ పెరుగుతూ పోతుంటే అది హ్యాంగ్ కాదు, ట్రేస్ మొత్తం ముందే మెమరీలోకి లాగుతోంది, రీడ్ ఐఓలాగ్ చంక్డ్ ఆన్ చేస్తే కొంచెం కొంచెంగా చదువుకుంటది.

ఇన్ని చూశాక కూడా తేడా ఫియోలోనే ఉందనిపిస్తే డీబగ్ ఫ్లాగ్‌కి బీఎల్‌కేట్రేస్, ఐఓ అని రెండు పేర్లూ ఇచ్చి నడపండి, ట్రేస్ నుంచి ఏ డివైస్ తీసుకుంది, ఏం పంపింది అన్నీ వరసగా రాస్తది, అవుట్‌పుట్ భారీగా ఉంటది కాబట్టి ఫైల్లోకి మళ్ళించండి. ఆ తర్వాత టెక్స్ట్ ఐఓలాగ్‌ని సగానికి కోసి ఏ సగంలో సమస్య ఉందో చూడండి, దాన్ని మళ్ళీ సగం, అలా పది ఇరవై వరసలకి దింపండి. అంత చిన్న లాగ్, ఫియో వెర్షన్, జాబ్ ఫైల్, నల్‌బీ0 మీద నడిపిన అవుట్‌పుట్, ఈ నాలుగూ పెట్టి ఫియో గిట్‌హబ్‌లో ఇష్యూ తెరిస్తే మీ డిస్క్ లేకుండానే అవతలివాళ్ళు తమ మెషీన్లో అదే తప్పుని తెప్పించుకోగలుగుతారు. జీబీల సైజు ప్రొడక్షన్ ట్రేస్ మాత్రం పబ్లిక్‌గా పెట్టొద్దు, డేటా లేకపోయినా అందులో ప్రాసెస్ పేర్లు కూడా రికార్డ్ అయ్యుంటాయి.